పాపను ఎత్తుకునే వంతు

మునిరత్న వచ్చి పోయినప్పటి నుంచి నాకు వేరుశనగ పొట్టు వాసన వస్తూనే ఉంది. మా ఇంట్లో వేరుశనగ పొట్టు ఎక్కడా లేదు. చిక్కబళ్లాపురంలో, మేడ మీద మేము అద్దెకుంటున్న ఈ రెండు గదుల్లో ఉన్నదంతా ఆరీ ఆరని పాప గుడ్డల వాసన, రాగి సరి కాచిన గిన్నె వాసన, సాంబ్రాణి వాసన. పాప నిద్రపోయాక, ఆయన బెంగళూరు నుంచి ఇంకా ఇల్లు చేరకముందు దొరికే ఈ కాసేపట్లో వంటింటి గట్టు మీద పుస్తకం పెట్టుకొని నిలబడే రాస్తున్నాను. ఇక్కడ నిలబడితే తలుపు సందులోంచి ఉయ్యాల కనబడుతుంది. రెండు వాక్యాలు రాసి ఒకసారి పోయి పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వస్తాను. చూడకుండా ఉండలేను. డాక్టరమ్మతో చెబితే నవ్వి, "మొదటి కాన్పుకి అందరూ ఇంతేనమ్మా" అంది. ఆ అందరూ ఏ వీధిలో ఉంటారో నాకు తెలియదు. నాకు తెలిసిన వాళ్లెవరూ ఇలా లేరు.

మునిరత్న, నేను చింతామణిలో ఒకే హైస్కూల్లో చదివాం, ఒకే ఫుట్‌బాల్ టీంలో ఆడాం. ఇప్పుడు ఆమె ఈ ఊళ్లోనే ఒక ఆడపిల్లల స్కూల్లో పి.టి. టీచరు. అరటిపండ్లు తీసుకొని చెప్పకుండా వచ్చింది. చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

"ఏమ్మే శైలా, ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తవు. బతికుండావా లేదా అని చూసేదానికి వచ్చినా."

"పాప నిద్రపోతాంటే సైలెంట్‌లో పెడతా."

"పాప నిద్రపోతాంటే ఫోన్‌ని సైలెంట్ చేస్తావు, లేస్తే నువ్వు సైలెంట్ అయిపోతావు. బాగుండాది సంసారం."

వచ్చిన పని తర్వాత చెప్పింది. వాళ్ల స్కూల్లో ఆడపిల్లల టీం తయారవుతోంది. గోలు కాడ నిలబడే పిల్ల బాలు వస్తే కళ్లు మూసుకుంటుందట. "నాకి ఉరికేది తెలుసు గాని పడేది తెలీదు. అది నీకే తెలుసు. సాయంత్రం ఒక గంట రావల్ల నువ్వు. అసిస్టెంట్ కోచ్ అని మా హెడ్ మేడమ్‌తో మాట్లాడేసినా."

"పాప?"

"ఎత్తుకొని రా. మన కోచ్ దేవక్క బిడ్డని గ్రౌండుకి తెస్తాండలేదా?"

అంటూనే పాప కోసం రెండు చేతులూ చాచింది. నా కాళ్లు వాటంతట అవే ఒక అడుగు వెనక్కి వేశాయి. "ఇప్పుడే పాలు తాగింది, కక్కుతాది" అన్నాను. మునిరత్న చేతులు దించి, అరటిపండ్లు బల్ల మీద సర్దినట్టు చేసి, "సోమవారం లోపల చెప్పు" అని వెళ్లిపోయింది. నిజం ఏమిటంటే పాప పుట్టినప్పటి నుంచి మా అమ్మ, ఆయన తప్ప ఎవరూ దాన్ని ఎత్తుకోలేదు. ఆయన ఎత్తుకున్నా కింద నా చేతులు పట్టే ఉంటాను. మా అమ్మ కొన్ని నెలలు ఉండి, అంగడి చూసుకోవాలని చింతామణికి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి నేను, పాప, ఈ గోడలు. మునిరత్న అడిగింది సాయంత్రం ఒక గంట పని. నాకు వినబడింది మాత్రం, నీ బిడ్డని ఎవరి చేతుల్లో పెడతావు అని. అందుకే ఆమె పోయాక చాలాసేపు దేవక్క గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను.

మాది చింతామణిలో వ్యాపారం చేసుకునే ఇల్లు. ముందు అంగడి, వెనక మేము. తెల్లవారి నాయన తలుపు పలకలు ఒక్కొక్కటే తీసి గోడకు ఆనించే చప్పుడుతో మాకు మెలకువ వచ్చేది. అవ్వ అప్పటికే స్నానం చేసి, అంగడి ముందు నీళ్లు చల్లి, ఊదుబత్తి పొగను తక్కెడ చుట్టూ మూడుసార్లు తిప్పేది. ఎండుమిరప, ధనియాలు, బెల్లం, కొత్త గోనెసంచి, ఈ వాసనలన్నీ కలిసి నా యూనిఫాంకు పట్టుకునేవి. క్లాసులో నా పక్క కూర్చునే పిల్లలు "ఈ పొద్దు మీ అంగడికి మెంతులు వచ్చినాయా?" అని అడిగేవాళ్లు. స్కూలు వదిలాక అవ్వ పక్కన కూర్చొని కందిపప్పులో రాళ్లు ఏరడం నా పని. అవ్వ చూడకుండానే, చేత్తో తడిమే రాయి ఏదో పప్పు ఏదో చెప్పేది. మా ఇంట్లో ఆడవాళ్ల గొంతు అంగడి దాకా వినబడకూడదు. ఉప్పు కావాలన్నా అమ్మ లోపలి గడప మీద గాజుల చెయ్యితో తట్టేది, నాయనకు అర్థమయ్యేది.

అలాంటి ఇంట్లోంచి నేను ఫుట్‌బాల్ ఆడడానికి వెళ్లానంటే దానికి కారణం నా పొడుగు, అవ్వ అజ్ఞానం. మా స్కూలు పి.టి. మేష్ట్రు రుద్రప్ప సరుకుల కోసం మా అంగడికే వచ్చేవారు. కన్నడంలోనే మాట్లాడే మనిషి. ఒకరోజు నాయనతో, మీ అమ్మాయి ఎత్తుగా ఉంది, గోల్ కీపరుగా పంపండి అన్నారు. ఆ మాట లోపలికి వచ్చి చేరాక అవ్వ విచారణ పెట్టింది.

"ఆ ఆటలో ఇది ఏం చేయల్ల?"

"ఒక చోట నిలబడల్లంట, మా. నిండు చేతుల చొక్కా ఇస్తారంట" అన్నాడు నాయన.

"ఉరికే పని లేదు గదా?"

"లేదంట. ఉరికేవాళ్లు వేరే ఉంటారంట."

అవ్వ పప్పు చాట పక్కన పెట్టింది. "అయితే పోనీలే. ఈడ నిలబడేది ఆడ నిలబడ్తాది."

అవ్వకు ఇచ్చిన మాట మొదటి వారంలోనే తప్పింది. రుద్రప్ప మేష్ట్రు మంచి మనిషి, కానీ ఆయన ఆట వాలీబాల్. ఫుట్‌బాల్ టీం పెట్టమని పైనుంచి చెప్పారు కాబట్టి పెట్టారు. నీలగిరి తోపు పక్కన ఎర్రమట్టి గ్రౌండు, రెండు గోల్ పోస్టులు, ఒక విజిల్. ఆయనకు తెలిసిన పద్ధతి ఒక్కటే. తప్పు చేసిన పిల్ల ఆటలోంచి బయటికొచ్చి గ్రౌండు చుట్టూ రౌండ్లు కొట్టాలి. మిగతా వాళ్లు ఆడుతుంటే, ఎవరి వైపూ చూడకుండా, దుమ్ములో ఒక్కతే ఉరకాలి. ఒక ఆటలో తప్పు చేస్తే అందరికీ కనబడేది గోల్ కీపరే. ముందు పదిమంది చేసిన తప్పులు ఎవరికీ గుర్తుండవు, వల కదిలితే మాత్రం అందరూ చూస్తారు. అందుకని టీంలో అందరికన్నా ఎక్కువ ఉరికింది నేను. ఆ రౌండ్లలో నా అడుగుల చప్పుడు నాకే వినబడుతుంటే, తోపు వైపు తిరిగినప్పుడు మాత్రం కళ్లు తుడుచుకునేదాన్ని. కొన్నాళ్లకు పిల్లలందరూ ఒకటే నేర్చుకున్నారు. బాలు కాలి దగ్గరకు వస్తే వెంటనే పక్కవాళ్లకు తోసెయ్యడం. తప్పు తన కాలి దగ్గర జరగకుండా చూసుకోవడం. మేము ఆడిన మ్యాచులన్నీ ఓడిపోయేవాళ్లం.

అప్పుడు వచ్చింది దేవక్క. ఊరు బాగేపల్లి తాలూకా చాకవేలు. వ్యవసాయం చేసుకునే ఇంటి పిల్ల, స్పోర్ట్స్ హాస్టల్లో ఉండి ఫుట్‌బాల్ ఆడింది. మొగుడు టెంపోలో టమాటా లోడ్లు తోలేవాడు కాబట్టి చింతామణి మార్కెట్ దగ్గర ఒక గదిలో కాపురం. మా స్కూల్లో అసిస్టెంట్ కోచ్‌గా తాత్కాలికంగా తీసుకున్నారు. మొదటి రోజు చూడీదారు కింద కాన్వాస్ బూట్లు వేసుకొని, చంకలో కొన్ని నెలల పిల్లతో గ్రౌండులోకి నడిచి వచ్చింది. మేష్ట్రు విజిల్ నోట్లోంచి తీశారు.

"ఇదు యారు?"

"నా బిడ్డ సార్. భువన."

"గ్రౌండిగా?" గ్రౌండుకా అని.

"ఇంట్లో ఎవురూ లేరు సార్."

మేష్ట్రు ఆమెను చూశారు, పిల్లను చూశారు, విజిల్ మళ్లీ నోట్లో పెట్టుకొని ఊదారు. అనుమతి అంటే అంతే.

ఆడే పదకొండు మందిలో బాగా ఆడేవాళ్లు మేష్ట్రు చేతిలో ఉండేవాళ్లు. బయట కూర్చునే ఎక్స్‌ట్రా పిల్లలూ, వాళ్లతో పాటు నేనూ దేవక్క పాలయ్యాం. ఆమె అరిచేది కాదు. మన పక్కనే నడుస్తూ, మన పాదాలు చూస్తూ, చెవిలో చెప్పినట్టు చెప్పేది. నాకు మొదట నేర్పింది పడడం. మా అంగడి నుంచి వేరుశనగ పొట్టు తెప్పించి గోనెసంచుల్లో వదులుగా కుక్కి, గోలు ముందు పరిపించింది. వాటి మీద ఎడమ పక్కకు, కుడి పక్కకు పడడం. "బిగబట్టొద్దు మే. ఒళ్లు వదిలెయ్. నిద్రలో మంచం మీద నుంచి పడిన పిల్లోళ్లకి దెబ్బ తగుల్తాదా? అట్ల పడు." సాయంత్రం ఇంటికి వెళితే జడలో పొట్టు ఉండేది. అవ్వ దాన్ని ఒక్కొక్కటే ఏరుతూ, "నిలబడే ఆట అన్నారే" అని గొణిగేది. ఇన్నేళ్ల తర్వాత, పాప కడుపులో ఉండగా స్నానాల గదిలో కాలు జారింది నాకు. అరవడానికి కూడా వ్యవధి లేదు. ఒళ్లు దానంతట అదే వదులై, కడుపును లోపలికి తిప్పుకొని భుజం మీద పడింది. తడి నేల మీద పడుకొని, ఏమీ కాలేదని తెలుసుకున్నాక, నాకు ఆ సంచులే గుర్తొచ్చాయి.

పాపను ఎత్తుకునే వంతు ఎలా మొదలైందో నాకు బాగా గుర్తుంది. ప్రాక్టీసులో ఒక నిమ్మళమైన బాలు నా కాళ్ల మధ్య నుంచి వెళ్లి వలలో పడింది. మేష్ట్రు విజిల్ ఊది, చేత్తో గ్రౌండు చుట్టూ గీత గీసినట్టు చూపించారు. నేను గ్లౌజులు తీస్తుంటే దేవక్క లేచి వచ్చింది. "సార్, దీన్ని నాకి ఇవ్వండి" అని, నా చేతుల్లో భువనను పెట్టింది. "ఎత్తుకోని కూచో. ఏడ్చావంటే అది కూడా ఏడుస్తాది, చూసుకో." నేను కదలకుండా కూర్చున్నాను. ఒళ్లో ఆ వెచ్చని బరువు, పాల వాసన, నా చొక్కా గుండీని పట్టి లాగే వేళ్లు. ఏడుపు ఎటు పోయిందో పోయింది. గ్లౌజులు మళ్లీ తొడుక్కొని గోలులోకి వెళ్లాను. ఆ రోజు నుంచి అదే పద్ధతి అయింది. తప్పు చేసి బయటికొచ్చిన పిల్ల పాపను ఎత్తుకోవాలి. రౌండ్లు మెల్లగా ఆగిపోయాయి. పిల్లలు బయటికి రావడానికి భయపడడం మానేశారు. బయటికి రావడానికి భయం లేనప్పుడు బాలును కాలి దగ్గర ఉంచుకోవడానికీ భయం పోయింది. ఒకరిని దాటి, ఇంకొకరిని దాటి ముందుకు పోయి చూడాలనిపించింది. మునిరత్న అయితే, "నేను కావాలనే తప్పు చేస్తా, ఈ పొద్దు పాప నాకే" అని ముందే చెప్పేది. తాలూకా మ్యాచులు గెలిచాం. మేష్ట్రుకు దండ వేశారు. ఫోటో తీసేటప్పుడు భువన ఏడ్చింది, దేవక్క పక్కకు వెళ్లింది. ఆ ఫోటోలో ఆమె లేదు.

జిల్లా మ్యాచుకు చిక్కబళ్లాపురం వచ్చాం. అంత మంది జనం ముందు మేము ఎప్పుడూ ఆడలేదు. మునిరత్న ఒక బాలు వదిలేసి బయటికొచ్చి, పాపతో కూర్చుంది. కొంతసేపటికి మా పిల్ల ఒకామెకు కాలు పట్టేసింది. మేష్ట్రు వెనక్కి తిరగకుండానే, "మునిరత్నా, ఒళగె హోగు!" అని కేక పెట్టారు. ఆ కేక వింటే లోపలికి ఉరకడం మునిరత్నకు అలవాటు. ఉరికింది. చంకలో భువనతో సహా. సగం గ్రౌండు దాటి, బాలు కోసం చెయ్యి కూడా ఎత్తింది. అవతలి టీం పిల్లలు ఆట ఆపి నిలబడిపోయారు. రెఫరీ విజిల్ ఊది దగ్గరికొచ్చి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"హన్నెరడనే ప్లేయర్ యారమ్మ ఇవళు?"

పన్నెండో ప్లేయరు ఎవరని అడుగుతుంటే, మునిరత్న అప్పుడు చూసుకుంది తన చంక. జనం నవ్విన నవ్వుకు చుట్టూ చెట్ల మీది కాకులు లేచాయి. భువన కూడా చప్పట్లు కొట్టింది. నేను గోలు దగ్గర ఒంటరిగా నిలబడి, కడుపు పట్టుకొని నవ్వాను. ఆ టీంలో నేను అంత సంతోషంగా ఉన్న రోజు ఇంకొకటి లేదు. ఆఖరి రోజు కూడా దాదాపు అదే.

వేదిక మీద కూర్చున్న పెద్దమనుషుల్లో ఒకాయనకు నవ్వు రాలేదు. ఇది గ్రౌండా, అంగన్‌వాడీనా అని మేష్ట్రును అందరి ముందూ అడిగాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మేష్ట్రు దేవక్క సీటు దగ్గర నిలబడి, కిటికీలోంచి బయటికి చూస్తూ, "నాళెయింద మగూన కర్కొండు బరబేడమ్మా" అన్నారు. రేపటి నుంచి బిడ్డను తీసుకురావద్దని. ఆయన గొంతులో కోపం లేదు, సిగ్గు ఉంది. దేవక్క "సరే సార్" అంది. తర్వాత ఎవరో పక్కింటామె దగ్గర భువనను వదిలి కొన్ని రోజులు వచ్చింది. ప్రాక్టీసు మధ్యలో రెండు చేతులూ ఎదమీద గట్టిగా కట్టుకొని, చున్నీని మడతలు పెట్టి కప్పుకొని, ఎవరితోనూ మాట్లాడకుండా నిలబడేది. మా మీద అలిగిందనుకున్నాం. చలి అని కూడా అనుకున్నాం. ఎర్రటి ఎండలో. పాలు పొంగి బట్టలు తడిసిపోతుంటే మనిషి ఎలా నిలబడుతుందో నాకు ఈ ఏడాది తెలిసింది. ఒకరోజు ప్రాక్టీసు సగంలో బాలు మేష్ట్రు చేతికిచ్చి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు.

మేష్ట్రు రౌండ్లు మళ్లీ పెట్టలేదు, అది చెప్పాలి. ఎవరైనా తప్పు చేసి బయటికొస్తే, అంతకుముందు దేవక్క కూర్చునే చోటు వైపు ఒకసారి చూసి, ఏం చెప్పాలో తెలియక ఊరికే ఉండేవారు. ఆ ఊరికే ఉండడం రౌండ్ల కన్నా బరువుగా ఉండేది. బయటికొచ్చిన పిల్ల ఖాళీ చేతులతో కూర్చొని తన తప్పునే చూసుకుంటూ ఉండేది. కొద్ది నెలల్లో అందరం మళ్లీ బాలును పక్కకు తోసేయడం మొదలుపెట్టాం. హైస్కూలు ముగించి పి.యు.సి.కి వెళ్లేటప్పటికి టీం అనేది లేదు. నాకిప్పుడు అనిపిస్తుంది, ఒక టీంకు మేష్ట్రు పేరు ఉంటుంది, గెలిచిన కప్పు ఉంటుంది, కానీ అది టీంగా నిలబడేది రెండో మనిషి చేతుల్లో. బయట కూర్చున్న పిల్లల పక్కన ఎవరు కూర్చుంటారన్న దాంట్లో. ఆ మనిషి లేకపోతే ఎవరూ గమనించరు, టీం మాత్రం ఉండదు. అప్పుడు ఒక బిడ్డకు అంతమంది చేతులు. ఇప్పుడు నా బిడ్డకు నా రెండు చేతులే. చేతులు లేక కాదు. కింద ఇంటి ఆమె రోజూ అడుగుతుంది, నేనే ఇవ్వను. దేవక్క ఎలా ఇచ్చింది? అంత నమ్మకం ఆమెకు ఎక్కడి నుంచి వచ్చింది? అది అడగాలనిపించింది. సోమవారం లోపల అడగాలి.

మా ఆయన "ఫోన్ చేస్తే సరిపోతుంది కదా" అన్నాడు. నాకు నంబరు కూడా తెలియదు, వాళ్ల ఊరికే తిరిగిపోయిందని మాత్రం విన్నాను. శనివారం పాపను గుడ్డతో ఎదకు కట్టుకొని బాగేపల్లి బస్సెక్కి, అక్కడ దిగి ఇంకో బస్సులో చాకవేలు చేరాను. దేవక్క ఇల్లు అడిగితే ఒక చిన్న పిల్లాడు కూడా చూపించాడు, టమాటా తోట పక్కన. ఆవుకు గడ్డి వేస్తూ ఉంది. ఒళ్లు చేసింది, చెవుల దగ్గర జుట్టు తెల్లబడింది. గుర్తుపట్టడానికి ఆమెకు కొంచెం సేపు పట్టింది.

"అయ్యో, శైలా! ఏమ్మే ఇట్ల వాడిపోయినావు? అన్నం తింటాండావా, అంతా పాపకే పెడ్తాండావా?"

గట్టు మీద కూర్చోబెట్టి, సంగటి, ఊరుబిండి పచ్చడి పెట్టింది. ఒక చేత్తో పాపను పట్టుకొని, ఒక చేత్తో తిన్నాను. ఆమె చీరకు చేతులు తుడుచుకొని పాప కోసం చాచింది. "కొత్తవాళ్లంటే ఏడుస్తాది అక్కా" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే వినబడింది. దేవక్క ఏమీ అనుకోనట్టు ఆ చేతులతోనే నీళ్ల చెంబు ఎత్తి నా గ్లాసు నింపింది. మెట్టు మీద పొడుగాటి పిల్ల ఫోన్ చూసుకుంటూ కూర్చుని ఉంది. భువన. తొమ్మిదో తరగతి.

"నిన్ను మేమంతా ఎత్తుకున్నాం తెలుసా?" అన్నాను.

"తెలుసులే అక్కా. మా అమ్మ నన్ను బాలు మాదిరి అందరికీ పాస్ చేస్తాండెనంట గదా." ఫోన్ మీంచి కళ్లు తీయలేదు.

"నువ్వు ఆడతావా ఫుట్‌బాల్?"

"లేదక్కా. వాలీబాల్."

దేవక్క నవ్వింది. "మేష్ట్రు శాపం మే ఇది." ఆ నవ్వు సందులో అడిగేశాను.

"మమ్మల్ని ఎట్ల నమ్మితివక్కా? భయం కాలేదా నీకు? మా ఏడుపు మాన్పించేదానికి బిడ్డనే ఇచ్చేస్తివి."

"భయమా?" అంది. "చచ్చిపోతాంటి భయంతో. మీ ఏడుపు మాన్పించాలనా? అదంతా నాకి తెలీదమ్మా. మొదట్లో మీలో బాగా ఆడే పిల్లకి ఇచ్చినా ఒక పొద్దు. దాని కండ్లు ఆట మీద, పాప ఒళ్లో నుంచి జారి నేల మీద పడింది. నుదుటి మీద ఇంత బొప్పి. ఆ రాత్రి మా ఆయప్పకి చెప్పకుండా చిన్న రుమాలు కట్టినా. అప్పుడు అనుకుంటి, ఎవురి చేతుల్లో ఇయ్యల్ల? అందరినీ చూస్తా కూచున్నా. బాలు వదిలేసి బయటికొచ్చిన పిల్ల ఉండాది చూడు, దాని మొగం చూస్తే తెలుస్తాది. ఇంకొక తప్పు చేసేదానికి దానికి ధైర్యం ఉండదు. దాని చేతుల్లో పెడితే ప్రాణం పోయినా వదలదు. ఆ గ్రౌండులో నా బిడ్డకి దానంత భద్రమైన చేతులు ఇంకెవురికీ లేవు. అందుకని నీకి ఇస్తి."

నేను చేతిలోని ముద్ద పళ్లెంలో పెట్టేశాను. ఇన్నేళ్లూ నేను మోసుకు తిరిగింది ప్రేమ అనుకున్నాను. అది ఒక భయపడిన తల్లి వేసుకున్న లెక్క. కాసేపు నా ఒళ్లోంచే ఎవరో ఏదో తీసుకుపోయినట్టు అనిపించింది. ఆ రోజు నేను కూర్చున్నంత సేపూ ఆమె కళ్లు మేష్ట్రు మీద కాదు, ఆట మీద కాదు, నా చేతుల మీదే ఉండి ఉంటాయి. నాకు అది తెలియలేదు. తెలిసి ఉంటే అంత నెమ్మదిగా ఉండేదాన్నా?

"మరి మాకు బాగయింది గదక్కా" అన్నాను. "టీం బాగయింది."

"అయ్యింటాది." ఆవు వైపు చూస్తూ అంది. "మీకి బాగయింది, నా బిడ్డ పడలేదు. ఏది దేని కోసం అయిందో ఎవురు చూడొచ్చినారు?"

మునిరత్న అడిగిన సంగతి చెప్పాను. వెళ్లమని గానీ, వద్దని గానీ ఆమె అనలేదు. "పాపని ఎవురికి ఇస్తావు?" అని మాత్రం అడిగింది. తెలియదన్నాను. "చూస్తా ఉండు, తెలుస్తాది" అంది. బస్సు వచ్చేదాకా రోడ్డు మీద నాతో నిలబడింది. పాపను తాకడానికి మళ్లీ చెయ్యి చాచలేదు. నేనూ ఇవ్వలేదు. బస్సు కదిలాక వెనక్కి చూస్తే చీరకొంగుతో మొహం మీది చెమట తుడుచుకుంటూ, తోట వైపు తిరిగి పోతూ ఉంది.

బాగేపల్లిలో చిక్కబళ్లాపురం బస్సు ఎక్కేటప్పటికి కూర్చోడానికి చోటు లేదు. మన వైపు బస్సుల్లో నిలబడిన తల్లి దగ్గర నుంచి బిడ్డను కూర్చున్నవాళ్లు ఒళ్లోకి తీసుకుంటారు, అడగను కూడా అడగరు. ఒక ముసలాయన చేతులు చాచాడు, వద్దన్నాను. ఒకామె "ఇట్లియ్యమ్మా" అంది, పర్వాలేదన్నాను. మలుపుల దగ్గర ఒక చేత్తో రాడ్డు, ఒక చేత్తో పాప. భుజం లాగేస్తూ ఉంది. అప్పుడు నా పక్క సీటులో కిటికీ దగ్గర కూర్చున్న పిల్లను చూశాను. కాలేజీ పిల్ల. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఒక చెవికి బుట్టకమ్మ ఉంది, ఇంకో చెవి బోసిగా ఉంది. ఫోన్లో మెల్లగా అంటూ ఉంది, "తెలీదు మా. యాడ పడిందో తెలీదు. బస్టాండంతా చూసినా మా. అరవద్దు మా, అందరూ చూస్తాండారు." ఫోన్ పెట్టేసి, ఒళ్లో రెండు చేతులూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకొని కూర్చుంది.

ఆ చేతులను కొంతసేపు చూశాను. తర్వాత గుడ్డ ముడి విప్పాను. "పాపని పట్టుకుంటావా?" అని నేనే అడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఆ పిల్ల ఉలిక్కిపడి చూసింది. ఫోన్ సంచిలో వేసింది. మిగిలిన బుట్టకమ్మ కూడా చెవి నుంచి తీసి, సంచి లోపలి జేబులో పెట్టి, జిప్పు రెండుసార్లు లాగి చూసుకుంది. అప్పుడు చేతులు చాచింది. పాప నన్ను చూసింది, ఆ పిల్లను చూసింది, పెదవి విరిచింది, ఏడవబోయి మానేసి ఆ పిల్ల గడ్డాన్ని పట్టుకుంది. నా చేతులు పైకి పోయి రాడ్డు పట్టుకున్నాయి, కిందికి వచ్చాయి, ఏం చేయాలో వాటికి తెలియలేదు. ఎద దగ్గర గాలి చల్లగా తగిలింది. ఆ పిల్ల చేతుల మీంచి నేను కళ్లు తీయలేదు, ఒక్క నిమిషం కూడా. బిడ్డను ఇచ్చాక భయం పోతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. దేవక్కకు ఇవ్వాల్సింది అనిపించింది. అయినా ఖాళీ చేతులతో ఫోన్ తీసి మునిరత్నకు రాశాను, సోమవారం వస్తాను, పాపతో.

దారిలో పేరేసంద్ర స్టాపులో ఆ పిల్ల పక్క సీటు ఖాళీ అయింది. "కూర్చోండక్కా. పాపని తీసుకుంటారా?" అంది. పాప దాని భుజం మీద నిద్రపోయి ఉంది. నేను కూర్చున్నాను. పాపను తీసుకోలేదు.